తిరగబడిన మూల

తమ్ముడు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఈసారి ఆ కుందేలు ఏకంగా చందమామలోనే దొరికింది.

"అంతా బూటకం అక్కా," అన్నాడు, మధ్యాహ్నం ఆమె టైలరింగ్ షాపులోకి వచ్చి ఫోను మిషను మీద పెడుతూ. "చంద్రుడి మీదికి ఎవరూ ఏమీ పంపలేదు. షెడ్డులో ఇసుక పోసి షూటింగ్ చేశారు."

అక్క మిషను ఆపలేదు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ చీకటి గొయ్యిలో నిలబడి పైకి చూసీ చూసీ దేన్నీ నమ్మడం మానేశాడని ఆమె నవ్వి ఊరుకునేది. కానీ వాడు అక్కడితో ఆగలేదు.

"నాన్న కూడా మనకి అబద్ధమే చెప్పాడు. ఆ నాటకం కోసం ఏడాదిపాటు ఇంటి మొహం చూడలేదు."

మిషను ఆగింది.

నాన్న దర్జీ. చంద్రుడి మీద దిగే యంత్రానికి ఎండా చలీ తగలకుండా బంగారు రంగు రేకుతో దుప్పటి కప్పుతారు. దాన్ని చేత్తో కుట్టడానికి ఆయన్ని పిలిచారు. ఏడాదికి తిరిగొచ్చి, ఆరు నెలలు నిండకుండానే గుండె ఆగి పోయాడు. అప్పుడు తమ్ముడికి నాలుగేళ్ళు, ఆమెకు పన్నెండు. ఆయన కుట్టిన స్కూలు సంచులు, అమ్మ జాకెట్లు వాడి వాడి పీలికలైపోయాయి. ఆయన చేతి కుట్టు ఒక్కటంటే ఒక్కటి మళ్ళీ చూడాలని ఆమె ఎన్నేళ్ళుగానో అల్లాడుతోంది.

"రుజువు చూపించనా?" తమ్ముడు ఫొటో పెద్దది చేశాడు. "యంత్రంతో వెళ్ళిన బుల్లి బండి తీసిందట. ఇన్నాళ్ళకి బయటపెట్టారు. దుప్పటి మూలలు చూడు. మూడు ఒకలా మడిచారు, నాలుగోది తిరగేసి మడిచారు. అంతంత లెక్కలు వేసేవాళ్ళు ఇంత తప్పు చేస్తారా? ఎవడో వీధి దర్జీ కుట్టిన బొమ్మ ఇది!"

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూసింది.

నాన్నది పుర్రచెయ్యి. దుప్పటి కుట్టే చోటేమో మూలలన్నీ కుడిచేతి వాటంగానే మడవాలని నియమం. ఒక సాయంత్రం అలసటలో నాలుగో మూలను తన వాటానికి మడిచి కుట్టేశాడు. విప్పితే సూది బెజ్జాలు మిగిలిపోయి రేకు పనికిరాదు. పెద్ద ఇంజనీరు తల పట్టుకుని, పరీక్షలన్నీ చేయించి, చివరికి ఉండనివ్వమన్నాడు. ఇంటికొచ్చాక నాన్న ఈ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని.

ఆమె ఇన్నేళ్ళ ఒట్టును తీసి గట్టున పెట్టి, తమ్ముడికి అంతా చెప్పింది.

వాడు ఆ నాలుగో మూలను ఇంకా పెద్దది చేశాడు. "నిజంగా నాన్నదేనా?"

"మన సంచులకీ అదే మడతరా. నీకు గుర్తుండదు."

"అయితే అది అక్కడే ఉందా?"

"అక్కడే." ఆమె కళ్ళద్దాలు తీసి మిషను మీద పెట్టింది. "నువ్వన్నదే నిజమైతే ఎంత బాగుండేదిరా. ఏ షెడ్డులోనో దుమ్ముకొట్టుకుని పడి ఉండేది. ఇద్దరం పోయి ఒక్కసారి తడిమి వచ్చేవాళ్ళం."

తమ్ముడు ఆ మూల మీద వేలు పెట్టాడు. ఫొటో పక్కకు జారిపోయింది. మెల్లగా వెనక్కి లాగి, ఈసారి ముట్టుకోకుండా, అక్కకు కనబడేలా రెండు చేతులతో పట్టుకున్నాడు.