నిండుగా వెళ్లాల్సిన గుండిగ

నేను ఒక అల్యూమినియం గుండిగను. ఒక్కసారి పొయ్యెక్కితే రెండు వందల మందికి వండిపెడతాను. ఇప్పుడు ఒళ్లంతా సొట్టలు, అడుగున రెండు మాట్లు, ఒక చెవి వదులైంది. చాలా అలసిపోయాను.

కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే దీవి నా పుట్టిల్లు. ఒక ముసలి పోతపనివాడు పాత పడవ ఇంజన్లు కరిగించి నన్ను పోశాడు. అంటే పుట్టుకతోనే నా నుదుట సముద్రం రాసి ఉందన్నమాట. నన్ను కొన్నది మర్లీన్ వీరపిన్. చెరకు తోటల్లో కూలికి ఇండియా నుంచి ఓడెక్కి వచ్చిన వీరప్ప మునిమనవరాలు. ఏటా మారియమ్మ పండక్కి మేకమాంసం కూర నాలోనే వండేది. ఆవిడ గరిటె ఇంకెవరైనా ముట్టుకున్నారా, అయిపోయారే!

ఒక సెప్టెంబరులో గాలివాన ఎదురు దీవి డొమినికాను ఊడ్చిపెట్టింది. మా ఊరి జాలర్లు ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ చూడకుండా పడవలు తీశారు. బియ్యం, మంచినీళ్లు, వాటితో నేను.

"పండక్కి నా గిన్నె నాకు రావాలి," అని మర్లీన్ ఒకటికి పదిసార్లు చెప్పింది.

అక్కడ కప్పెగిరిపోయిన బడిలో ఒడీలియా అనే ఆవిడ నన్ను అందుకుంది. మూడు నెలలు ఊరంతటికీ గంజీ, పప్పూ నాలోనే. తర్వాత పెద్ద ఓడలూ వచ్చాయి. ఒకదాని నిండా ఉన్ని కోట్లు! చెమటలు కారే ఎండలో జనం అవి తొడుక్కుని ఫొటోలకు నిలబడ్డారు. పంపినవాళ్ల మనసు కష్టపెట్టకూడదు కదా.

పని తీరింది. అయినా ఒడీలియా నన్ను పంపలేదు. అరువు గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని వాళ్ల అమ్మమ్మ నేర్పింది. నింపడానికేమో తోటలో ఆకు కూడా మిగల్లేదు. చేమ నాటింది. దుంప ఊరాలంటే తొమ్మిది నెలలు. ఈలోగా పండగ వచ్చింది, నాకోసం మా ఊరి జాలరి ఒకడు వచ్చాడు.

"ఇంకొన్నాళ్లు ఆగమను నాయనా," అంది. కారణం చెప్పడానికి నామోషీ.

అక్కడ మర్లీన్ మండిపడింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఊరంతా చాటింది. ఇక్కడ, దుంపలు తవ్వడానికి వారం ఉందనగా, ఇంకో గాలివానకు కొండచరియ విరిగి తోట మీద పడింది. మళ్లీ నాటడానికి పిలకైనా మిగల్లేదు. రెండో పండగ దగ్గరపడింది. జాలరి మళ్లీ కబురు తెచ్చాడు. మర్లీన్‌కు కీళ్లు పట్టేశాయట. ఇదే ఆఖరి వంటట. గిన్నె రాకపోతే పొయ్యే వెలిగించదట.

ఒడీలియా ఏడుస్తూ నన్ను తోమింది. నాతోపాటు తనూ పడవెక్కింది.

మర్లీన్ నాలోకి తొంగిచూసింది. "రెండేళ్లు దాచుకుని ఖాళీ గిన్నె తెచ్చావా తల్లీ?"

"నింపి ఇద్దామనే ఆగానక్కా. నాటిన చేమంతా మట్టికిందకి పోయింది. ఖాళీది పంపడానికి మొహం చెల్లలేదు."

మర్లీన్‌కు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఉంటాయి. తన గరిటె ఒడీలియా చేతిలో పెట్టింది.

"నా చేతులు లేవట్లేదు. అడుగంటకుండా కలుపు."

పండగ మర్నాడే నన్ను మళ్లీ పడవెక్కించారు, అంచుదాకా చేమ పిలకలతో.

"నాటుకో. ఈసారి మాత్రం నిండుగా తేవాలి సుమా! ఎన్నేళ్లైనా అడగనులే," అంది మర్లీన్.

ఇప్పుడు ఒడీలియా పెరట్లో బోర్లా పడి ఉన్నాను. చేమ మోకాలెత్తు పెరిగింది. మొన్న జాలరి వచ్చి, మర్లీన్ పోయిందని చెప్పాడు.

"గిన్నె ఇక నువ్వే ఉంచుకో అక్కా. అడిగేవాళ్లెవరూ లేరు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. హమ్మయ్య, ఇక సముద్రం దాటక్కర్లేదని కూడా అనిపించింది. అబద్ధమెందుకు?

ఒడీలియా కళ్లు తుడుచుకుంది.

"ఆవిడ గరిటె ఎవరి దగ్గరుంది?" అని మాత్రం అడిగింది. తర్వాత వెళ్లి చేమలో కలుపు తీయసాగింది.

దుంప ఊరడానికి ఇంకా మూడు నెలలుంది. ఈలోగా నా చెవి బిగించాలి, లేకపోతే అంత బరువుతో సముద్రం దాటలేను.