అయిదు మాటల పరీక్ష

"ఎనభై చేతులూ ఎడమవే కోశావు. ఎవరికి తొడగమంటావమ్మా వీటిని?" అన్నాడు యజమాని.

చేతులు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. ఆస్పత్రి ఆయాల చొక్కాలకి కోసినవి. ఆ గుడ్డకి ముఖం ఒక వైపే, తిరగేసి కుట్టడానికి లేదు. నలభై పొరలు పరిచి, పైన చేయి కొలతకి కత్తిరించిన అట్ట పెట్టి ఒకసారి గీయాలి. అట్ట తిరగేసి రెండోసారి గీయాలి. అప్పుడే ఒకటి ఎడమ, ఒకటి కుడి అవుతాయి. ఆమె పదిహేడేళ్ళుగా కోస్తోంది. నిన్న అట్ట తిరగేయలేదు. తిరగేశాననే అనుకుంది.

"పోన్లెండి, రెండూ ఎడమ చేతులే ఉన్న ఆయాలు ఎక్కడో ఓ చోట దొరక్కపోతారా" అంది గుండీలు కుట్టే ఆవిడ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపు వచ్చేట్టుంది.

యజమాని నవ్వలేదు. "ఈ నెలలో ఇది మూడోసారి. శనివారం దాకా చూస్తాను. మళ్ళీ ఇలాంటిది జరిగిందా, కత్తెర ఇంకొకరి చేతికిస్తా. నువ్వు గుండీల దగ్గర కూర్చుందువు గాని" అన్నాడు.

కత్తెర పోతే కోత బల్లా పోతుంది. ఆ బల్ల దగ్గరే ఆమెని ఎవరైనా ఏదైనా అడుగుతారు. అక్కా, ఈ గుడ్డ ఎటు సాగుతుంది, అక్కా, ఈ మెడకి ఎంత వదలాలి అని. ఇంట్లో ఎవరూ అడగరు. ఇంట్లో చెబుతారు. రెండేళ్ళుగా ఆమె తల మాట వినడం లేదు. గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోతుంది. జల్లెడ కావాలంటే ఆ మాట రాక, అదే, అది అంటుంది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పడుతోంది. చూపు బాగానే ఉంది, వేళ్ళే మందంగా కదులుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆ ఇంట్లో మరపు అప్పటికే ఒకరికి రాసిచ్చేశారు. అది ఆమె భర్తది.

ఇద్దరికీ హెచ్ఐవి. బయటపడి పన్నెండేళ్ళు. ఆయన గోడలకి రంగులేసే మేస్త్రి. ఊళ్ళు తిరిగేవాడు. ఎక్కడ తెచ్చుకున్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తేలిన వారంలో ఒక్క మాట మాత్రం అన్నాడు. "నా వల్ల వచ్చిందని ఎవరి దగ్గరా అనకు." ఆమె అనలేదు. సంగతి తెలిసిన మర్నాడే అత్తగారు కోడలి గ్లాసు వేరుగా పెట్టింది. కొడుకు గ్లాసు వేరు చేయలేదు. తర్వాత డాక్టర్లు చెప్పగా చెప్పగా ఆ గ్లాసు మళ్ళీ అలమరలోకి వచ్చింది, కానీ చివరి అరలోకి. ఇద్దరి బిళ్ళలూ ఆమే తీస్తుంది. ముందు ఆయనకిచ్చి, తర్వాత తను వేసుకుంటుంది. ఆయన భోంచేసి, భోంచేశానా అని అడుగుతాడు. కొళాయి తిప్పి వదిలేస్తాడు. "వాడికి జబ్బు తలకెక్కింది, పాపం. నువ్వే ఓర్చుకోవాలి" అంటుంది అత్తగారు. కోడలు ఒకరోజు కూరలో ఉప్పు మరిచిపోతే, "మహాతల్లికి ధ్యాస ఎక్కడుంటుందో! మనసంతా ఆ మిషన్ల దగ్గరే" అంది. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే బిళ్ళ. ఆయన మరిస్తే జబ్బు. ఆమె మరిస్తే పొగరు.

గురువారం మందులు తెచ్చుకునే రోజు. బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మం దాకా వచ్చింది. "వాడి తల సంగతి గట్టిగా అడుగు. అన్నీ వివరంగా చెప్పు. అక్కడికెళ్ళి నువ్వూ మరిచిపోయేవు."

డాక్టరమ్మ గదిలో రోగికి ఒక్కటే కుర్చీ. ఆయన కూర్చున్నాడు. ఆమె వెనక సంచీ పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ ఇద్దరి కాగితాలూ చూసింది. రక్తంలో వైరస్ కనపడటం లేదంది. ఇద్దరికీ.

"మరి నాకీ మరపేంటండీ?" అన్నాడు ఆయన.

"వైరస్ రక్తంలో అణిగిందండీ. కానీ అది మొదట్లోనే మెదడులోకి వెళ్తుంది. అక్కడ కాపలా ఉండే కణాలు దాంతో పోట్లాడతాయి. బిళ్ళలు వేసుకున్నా కొందరిలో ఆ పోట్లాట పూర్తిగా ఆగదు. లోపల సన్నగా వాపు మిగిలిపోతుంది. దాంతో ఆలోచన నెమ్మదిస్తుంది. మాట వెతుక్కోవాలి. చేస్తున్న పని మధ్యలో తెగిపోతుంది. చేతివేళ్ళు కూడా మందగిస్తాయి. ఇందులో మీ తప్పేం లేదు" అంది డాక్టరమ్మ.

ఆ చివరి మాట ఆయనతో అంది. వెనక నిలబడ్డ మనిషికి అది గుండెల్లో తగిలింది. పన్నెండేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. డాక్టరమ్మ చెప్పిన ఒక్కొక్కటీ ఆమెకి తెలుసు. చదివి తెలుసుకున్నవి కావు. జల్లెడ దగ్గర, సూది దగ్గర, కోత బల్ల దగ్గర తెలిసినవి.

"నేను అయిదు మాటలు చెబుతాను. గుర్తు పెట్టుకోండి. కాసేపయ్యాక అడుగుతా" అంది డాక్టరమ్మ. "తాళం. గుర్రం. నిచ్చెన. దుప్పటి. ఏరు."

తర్వాత ఆయన చేత కాగితం మీద అంకెలు వరసగా కలిపించింది. వేలితో బల్ల మీద గబగబా కొట్టించింది. కాసేపయింది.

"ఇప్పుడు ఆ మాటలు చెప్పండి."

ఆయన పైకప్పు చూస్తున్నాడు. ఆయన నోరు తెరిచేలోపు ఆమె తనలో వెతుక్కుంది. తాళం. గుర్రం. ఆ తర్వాత ఏమీ లేదు. మూడోది ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఆమె సంచీ పిడి గట్టిగా పట్టుకుంది.

"తాళం... గుర్రం..." అన్నాడు ఆయన. "ఆఁ, దుప్పటి. అంతే."

డాక్టరమ్మ రాసుకుని తలెత్తి ఆమెని చూసింది. "మీరు కాస్త శ్రమ తీసుకోవాలమ్మా. బిళ్ళల వేళ గోడ మీద రాసి పెట్టండి. పనులు ఒక్కొక్కటే చెప్పండి. రోజూ నడిపించండి. విసుక్కోకండి."

"అది చూసుకుంటుందిలెండి. దానికి అలవాటే" అన్నాడు ఆయన.

ఇంటికెళ్ళి తన తల కూడా ఇలాగే ఉందంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇద్దరూ పడిపోతే ఇల్లెవరు చూస్తారని అత్తగారు ఏడుస్తుంది. కోడలి తల గురించి కాదు, ఇంటి గురించి. చెప్పకపోతే శనివారం కత్తెర పోతుంది. కత్తెర పోయాక ఏది పోతుందో. బయట వరసలో ఎవరో దగ్గుతున్నారు. నర్సు తలుపు తీసి చూసి వెళ్ళింది. ఇక లేవాలి. ఆయన లేస్తున్నాడు కూడా.

ఆమె సంచీ కింద పెట్టింది.

"డాక్టరుగారూ, నాకు రెండే వచ్చాయండి."

"ఏం రెండు?"

"ఆ అయిదు మాటల్లో. తాళం, గుర్రం. తర్వాతవి పోయాయి."

"నీకెందుకే ఈ గోల? పరీక్ష నాకు" అన్నాడు ఆయన.

"జబ్బు ఇద్దరికీ కదా" అంది ఆమె. గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక లేదు. "కాస్త లేవండి. నేను కూర్చుంటాను."

ఆయన లేచాడు. ఎప్పుడూ లేవమనని మనిషి లేవమనేసరికి లేచాడు.

ఆమె చెప్పింది. ఎనభై ఎడమ చేతులు, శనివారం గడువు, అన్నీ. చెబుతుంటే మధ్యలో మాటలు తప్పిపోయాయి. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. వేరే అయిదు మాటలు ఇచ్చింది, అంకెలు కలిపించింది, వేలితో కొట్టించింది. ఈసారీ రెండే వచ్చాయి.

"ఒక్కసారి చూసి తేల్చేది కాదు. రక్తపోటు, నిద్ర, దిగులు, వేసుకుంటున్న బిళ్ళలు, అన్నీ చూడాలి. అవసరమైతే బిళ్ళ మారుద్దాం. ఇది చాలామందిలో ముదరదు. పని మానక్కర్లేదు. కోసే ముందు చేయాల్సినవి వరసగా రాసి పెట్టుకోండి. ఒక్కొక్కటీ అయ్యాక గీత కొట్టండి, ఆ తర్వాతే కత్తెర ముట్టుకోండి. రాసుకోవడం సిగ్గు పడాల్సిందేం కాదు" అంది డాక్టరమ్మ.

పని మానక్కర్లేదన్న మాట ఆమె మనసులోనే రెండుసార్లు అనుకుంది. అది పోకూడదు.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసింది. "ఇంట్లో మీకు గుర్తు చేసేవాళ్ళు ఎవరమ్మా?"

ఆయన తలుపు వైపు చూశాడు.

"ఈయనేనండీ" అంది ఆమె. "ఈయనకి మూడొచ్చాయి కదా."