కో సాన్ ‘లే’ అన్నాడు

బర్మాలో మా ఊరి అహ్లోన్ బియ్యం మిల్లుకి ఎదురుగా, రేవుకి కాస్త దూరంలో, ఒక చిన్న సరుకుల పడవ మునిగి ఉంది. ఎప్పుడు మునిగిందో ఎవరికీ తెలియదు. దొంగిలించడానికి కూడా అందులో ఏమీ మిగల్లేదు. అందుకే దాన్ని చంటిపిల్లల పడవ అంటారు. నదిలో దిగి పాత ఇనుము ఏరేవాళ్ళంతా ముందు దాని మీదే దిగడం నేర్చుకుంటారు. మూడు నిలువుల లోతు. తప్పిపోదామన్నా చోటు లేదు.

ఎనభై తొమ్మిది జనవరిలో నా మనవరాలు జూలియట్ అక్కడ దిగుతానంది. అంతకు ముందు ఆగస్టులో ఊరంతా సర్కారు మీద తిరగబడి వీధుల్లోకి వచ్చింది, తుపాకులూ వచ్చాయి, ఆ తర్వాత కాలేజీకి తాళం పడింది. వైజాగ్ నుంచి మా చెల్లెలి ఉత్తరాలు ఆగిపోయాయి. ఐదు నెలలు ఇంట్లో కూర్చుని పిల్ల నా పప్పులో ఉప్పు మీద ఉపన్యాసాలు మొదలుపెట్టింది. దానికి ఏదో ఒక పని దొరకకపోతే మా ఇద్దరిలో ఒకరమే మిగిలేవాళ్ళం.

ఇనుము ఏరే పడవకి పెద్ద అచ్చయ్య. అతను ఒకటే షరతు పెట్టాడు. చంటిపిల్లల పడవ నుంచి ఒక బోల్టు ఊడదీసి తేవాలి. తెస్తే పనిలో చోటు, లేకపోతే ఇంటికి. గాలి పంపే మిషనుకి డీజిలు దొరకడం లేదు కనక ఒక్కసారే దిగనిస్తానన్నాడు.

ఇంకో ఆచారం ఉంది. దిగేవాళ్ళ నడుముకి కట్టిన తాడు, వాళ్ళు పోతే ఏడ్చేవాళ్ళే పట్టుకోవాలి. కూలికి పట్టుకునేవాడు కునుకు తీస్తాడు. జూలియట్‌కి ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నే. దాని తల్లి లేదు. తండ్రి, అంటే నా కొడుకు ఎడ్విన్, మౌల్మేన్ రైలెక్కి అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రైలు కదిలినా నేను వాడి చొక్కా వదల్లేదు. గుండీ ఒకటి నా చేతిలో ఉండిపోయింది. అరవై నాలుగులో మా చెల్లెలు డోరతీ ఇండియా ఓడ ఎక్కినప్పుడూ ఇంతే. పోలీసు వచ్చి విడదీశాడు, నాకు రెండు గాజులు మిగిలాయి.

పైగా నేను చదువు నేర్చుకున్నది నువ్వుల పొట్లాలు కట్టిన కాగితాల మీద. లోకంలో చాలా విషయాలకి మొదలు తెలుసు, చివర తెలియదు. ‘నీళ్ళ అడుగు నుంచి మనిషిని గబగబా పైకి లాగితే’ అన్నంత వరకు ఒక పొట్లం మీద చదివాను. లాగితే ఏమవుతుందో నూనె మరక కింద ఉండిపోయింది.

తాడు ఒకసారి గుంజితే ఇంకొంచెం వదలమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని గుర్తు. జూలియట్ కళ్ళకి అద్దం తగిలించుకుని, గాలి గొట్టం పళ్ళతో కరిచి, చలికి వణుకుతూ దిగింది. నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. రెండడుగుల్లో మాయమైంది.

నేను కీర్తన మొదలుపెట్టాను. రెండో చరణం గుర్తు రాలేదు. అప్పుడు మిషను దగ్గరున్న బర్మా మనిషి కో సాన్ గట్టిగా, “లే, లే,” అన్నాడు.

లాగాను. అరవై ఏడేళ్ళ ముసలిదాన్ని, పడవ అంచుకి కాలు తన్నిపెట్టి బస్తా లాగినట్టు లాగాను. ముందు జూలియట్ తల, వెనకాలే తిట్లు బయటికొచ్చాయి. చేతిలో పానా ఉంది, బోల్టు లేదు.

బర్మా భాషలో లే అంటే గాలి. గాలి సరిగ్గా పోతోందని కేకేసి చెప్పడం కో సాన్ ఉద్యోగం. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, ఆ మాట నాకు తెలియక కాదు. ఆ క్షణాన తెలుగే వినిపించింది.

“ఏటి మామ్మా,” అంది జూలియట్ ముక్కు తుడుచుకుంటూ. “బోల్టు సగం తిరిగింది. నన్ను సేప అనుకున్నావేటి?”

అచ్చయ్య నవ్వడం అయ్యాక డీజిలు డబ్బా ఊపి చూశాడు. అడుగున కొంచెం చప్పుడైంది. ఐదు నిమిషాలకి వస్తుందన్నాడు, తాడు మాత్రం ఇంకెవరికైనా ఇమ్మన్నాడు. దీనికి ఏడ్చేవాళ్ళు ఇంకెవరూ లేరని చెప్పాను.

“అయితే ఏడిసుకో గాని లాగకు, మిరియమత్తా,” అన్నాడు.

మళ్ళీ దిగింది. కో సాన్ మళ్ళీ లే అన్నాడు. పళ్ళు బిగబట్టాను. తాడు ఒకసారి గుంజింది. మూరెడు వదిలాను. మళ్ళీ గుంజింది. ఇంకో మూరెడు. ఏ ఓడ దగ్గరా, ఏ రైలు దగ్గరా నన్నెవరూ ఇంత మర్యాదగా అడగలేదు. చివరి ముడి చేతికి తగిలేదాకా వదిలాను.

మూడు గుంజులు వచ్చేసరికి మిషను ఆఖరి దగ్గు దగ్గుతోంది. ఈసారి ఆ నూనె మరకకి భయపడి మెల్లగా లాగాను.

బోల్టు అరచెయ్యంత పొడుగుంది. అచ్చయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, రేపు పొద్దున్నే రమ్మన్నాడు. గాజులూ గుండీ ఉన్న పెట్టెలో పెట్టుకోమని జూలియట్ నాకిచ్చింది. పెట్టలేదు. అది వెళ్ళిపోయినవాళ్ళ పెట్టె. బోల్టుతో వెల్లుల్లి దంచుతున్నాను, బాగా నలుగుతోంది.

తాడు రోజూ నేనే పడుతున్నాను. నా కోసం కో సాన్ తెలుగులో గాలి అనడం నేర్చుకున్నాడు. అతని నోట్లో అది గోలీ అయింది. రేవులో ఉన్న హిందుస్తానీ ముసలాళ్ళకి గోలీ అంటే తుపాకి గుండు. అతను కేకేసిన ప్రతిసారీ నేలకి కరుచుకుంటున్నారు.