మూడో కమాను

వంతెన చూడడానికని పనిగట్టుకుని పోవడం మా ఇంటావంటా లేదు. మా తమ్ముడొక్కడికే ఆ పిచ్చి. వందల ఏళ్ళ నాటి రాతి వంతెనట, సిమెంటు ముట్టనిదట, పొలాల మధ్య ఏటి మీద కమాన్లతో ఠీవిగా నిలబడి ఉంటుందట. "కిందనుంచి చూడాలక్కా, పైనుంచి చూస్తే అదీ ఒక రోడ్డే" అన్నాడు. కిందనుంచి చూడడానికి పడవ ఎక్కాడు. ఎగువన వాన పడి ఏరు ఒక్కసారిగా పొంగింది. బోల్తా పడిన పడవ దొరికింది. వాడూ, పడవ నడిపిన మనిషీ దొరకలేదు.

ఇది మూడో రోజు. నేనూ మా ఆయనా వంతెన పిట్టగోడ పక్కన కూర్చున్నాం. చూడడానికొచ్చేవాళ్ళకు కొదవ లేదు. ఒకావిడ నన్ను పక్కకు జరగమంది, ఫొటోలో రాళ్ళు సరిగా పడడం లేదట. "మా తమ్ముడు దొరగ్గానే మొత్తం ఖాళీ చేసి పోతాంలేమ్మా" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనకు నా నోరంటే భయం.

పడవ నడిపినవాడి భార్య మాకు నాలుగడుగుల దూరంలో కూర్చుంది. మొదటి రోజు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. మబ్బు కనబడుతుంటే పడవెలా తీశాడు, నీ మొగుడు కళ్ళెక్కడ పెట్టుకున్నాడు అని. మర్నాడు చినుకులు మొదలైతే ఆమె తన గొడుగు మా వైపు జరిపింది. సిగ్గేసింది. అయినా గొడుగు కిందికి జరిగాను.

మొదటి రోజు, ఏ శవమూ దొరక్కూడదు దేవుడా అని దండం పెట్టుకున్నాను. ఇప్పుడు దొరికితే చాలు, మావాడైతే చాలు అనుకుంటున్నాను. ఇలాంటి మాట అనుకునే రోజొస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఇంటి దగ్గర అమ్మ వీధి తలుపు గడియ పెట్టనివ్వడం లేదు. వాడొస్తే తలుపు కొట్టే ఓపిక ఉండదంటుంది. ఉత్త చేతులతో ఆ గుమ్మం ఎలా తొక్కను?

మధ్యాహ్నం, వెతకడానికి ఏట్లో దిగిన గజ ఈతగాడు మూడో కమాను కిందనుంచి చెయ్యెత్తాడు. కొట్టుకొచ్చిన చెట్టుకొమ్మలు స్తంభానికి అడ్డం పడ్డాయి, వాటిలో ఒక మనిషి చిక్కుకుని ఉన్నాడు. తాడు కట్టి ఒడ్డుకు లాగారు. మేమందరం పరుగున దిగాం.

మొహం గుర్తుపట్టేలా లేదు. ఒంటి మీద నీలం రెయిన్‌కోటు ఉంది. మా దర్జీ కొట్లో నేను కుట్టిన కోటు. జేబు నోటికి మూడు వరసలు కుట్టేది నేనొక్కదాన్నే. జేబుల్లో ఇటుకలు తప్ప అన్నీ మోసేవాడు మా తమ్ముడు. మోకాళ్ళ మీద కూలబడి ఆ జేబు తడిమాను.

"మావాడే" అన్నాను. "కుట్టు నాది."

ఏడుపు రాలేదు. గుండెల మీది బరువు దిగినట్టయింది. అమ్మకు ఫోన్ చెయ్యమంటే మా ఆయన పక్కకు వెళ్ళాడు.

పడవవాడి భార్య శవం ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"అక్కా, ఈయన మా ఆయన."

"మతి పోయిందా నీకు? కోటు మావాడిది."

"కోటు మీవాడిదే. చెయ్యి మా ఆయనదక్కా. బొటనవేలు చూడు. తాడు కింద నలిగి వంకరగా అతుక్కుంది. కట్టు కట్టింది నేనే."

చూడనన్నాను. చెయ్యి వదలమన్నాను. వదల్లేదు. నేను కాలరు పట్టుకుని నా వైపు లాగాను, ఆమె చెయ్యి పట్టుకుని తన వైపు లాగింది. చచ్చిపోయిన మనిషి కోసం ఇద్దరు ఆడవాళ్ళం బురదలో పెనుగులాడాం. వంతెన మీద ఫోన్లన్నీ మా వైపు తిరిగాయి. "నీ కాళ్ళు పట్టుకుంటాను, నాకిచ్చెయ్. నీకు ఇంకో రోజు దొరుకుతాడు" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

"ఈయన చలికి వణుకుతుంటే మీ తమ్ముడే విప్పి ఇచ్చుంటాడు" అందామె మెల్లగా. "మా ఆయనకి కోటెక్కడిదక్కా?"

ఇచ్చే ఉంటాడు. వాడి బుద్ధి అంతే. చిన్నప్పుడు పెన్సిళ్ళు, పెద్దయ్యాక చెప్పులు, వాడి దగ్గర ఏదీ నిలవదు. బొటనవేలు చూశాను. కాలరు వదిలేశాను.

అప్పుడు ఏడ్చిందామె, ఆ చెయ్యి చెంపకు ఆనించుకుని, నోరారా. నాకు జాలి కలగలేదు. కన్నుకుట్టింది. ఆమెకు మొగుడు దొరికాడు.

అవతల మా ఆయన ఫోన్లో నీళ్ళు నములుతున్నాడు. "కాదత్తయ్యా... కాదట. పొరపాటు పడ్డాం. ఇంకా వెతుకుతున్నారు."

గజ ఈతగాడు తల తుడుచుకుని మళ్ళీ తాడు నడుముకు కట్టుకున్నాడు. వెలుతురుండగానే మిగతా కమాన్లు చూస్తానన్నాడు.

"ఇప్పటిదాకా నీలం రంగు కోసం వెతికానమ్మా. కోటు లోపల ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. ఆ పొద్దున మా గుమ్మంలో, తుంపర పడుతోందని, మెడదాకా గుండీలు పెట్టి పంపింది నేనే. లోపలేముందో చూడలేదు.