మూడో రికార్డులోని తొందర

రికార్డు తిరగేయడం నా పని. కూర్చున్నవాళ్లు వింటారు, నిలబడ్డవాళ్లు తిరగేస్తారు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆ ఆదివారం కూడా చేతులకంటిన గసగసాల ముద్ద తుడుచుకుని వచ్చి మూడో రికార్డు పెట్టాను. మా బ్ర్నో ఊరి స్వరకర్త ఒకాయన చనిపోయినవాళ్ల కోసం రాసిన రెక్వియం అది. నూరుమంది గాయకులు కావాలి కనుక ఎవరూ పాడరు. ఉన్నవి మూడే రికార్డులు. వాటిని పోలుస్తూ మా ఆయన ఒతకర్ ఒక పత్రికకి వ్యాసం రాస్తున్నాడు. రాయడమంటే ఆయన చెబుతాడు, నేను టైపు చేస్తాను.

"మొదటిది మరీ నత్తనడక. శవమే విసుగెత్తి లేచిపోతుంది," అన్నాడు ఒతకర్, పక్కనే కూర్చున్న స్నేహితుడు విలెంతో. "రెండోదాంట్లో మగవాళ్లు పీపాలో కూర్చుని పాడినట్టుంది. ఇదీ, ఇది బంగారం! ఆగు, ఇప్పుడొస్తుంది మన గాడిద."

పాట మధ్యలో ఒక పెద్ద నిశ్శబ్దం. అది ముగియకముందే ఒక ఆడగొంతు ఒంటరిగా లేచింది. మరుక్షణం మిగతా గొంతులన్నీ వచ్చి దాన్ని కప్పేశాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"పాపం, ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడుతోందేమో!" అన్నాడు విలెం.

"ఇది రికార్డు చేసిన రోజు నువ్వూ అక్కడే పాడావుగా లుద్మిలా, ఎవరావిడ?" అని నన్నడిగాడు ఒతకర్.

"గుర్తులేదు," అన్నాను, ఎప్పటిలాగే.

గుర్తులేకపోవడమేమిటి? ఆ రోజు రికార్డు చేస్తున్న చర్చిలో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పాడిన ప్రతిసారీ వీధిలో ట్రాం గంట మోగి అంతా పాడవుతోంది. గోడ గడియారంలో నాలుగు దాటింది. "చచ్చినవాళ్ల కోసం పాడటానికి బతికున్న పసిదాన్ని వదిలిపోతావుటే? నాలుగింటికల్లా రాకపోతే దాని ఏడుపు నీదే," అంది పొద్దున మా అత్తగారు. రొమ్ములు గడ్డకట్టి, పాలు కారి, రవిక తడిసిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు పాప ఏడుపే వినబడింది. మా అందరిచేత పాడిస్తున్నాయన చెయ్యి లేవకముందే నా గొంతు లేచింది. ట్రాం గంట పడనిది ఆ ఒక్కసారే. దాన్నే ఉంచేశారు.

ఆ తర్వాత నేను పాడలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అనేవాడు ఒతకర్. ఏడాదులు గడిచాయి, పాపకి పెళ్లయింది. నేనూ అడగడం మానేశాను. వాళ్లు వద్దన్నదానికన్నా, నేను అడగకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రికార్డు నేను ఒంటరిగా ఎన్నిసార్లు విన్నానో. నూరు గొంతుల్లో నాది ఏదో నాకే తెలియదు, ఆ తప్పు దగ్గర తప్ప.

"రాసుకో," అన్నాడు ఒతకర్, కళ్లు మూసుకుని. "మూడింటిలోనూ ఇదే మేలు. ఎవరో ఒకావిడ తొందరపాటు తప్ప లోపం లేదు."

'ఎవరో ఒకావిడ' దగ్గర నా వేళ్లు ఆగాయి.

"ఏమిటి, ఆగిపోయావ్?"

"ఏం లేదు," అన్నాను. "ఆవిడ పేరు టైపు చేస్తున్నాను."