కిర్రుమనని తలుపులు

సాయంత్రం ఐదులోపు ఆఫీసులో ఏదో ఒక తలుపు కిర్రుమనకపోతే నూనెడబ్బా ఉద్యోగం ఊడుతుంది. తలుపుల బందులకు నూనె రాయడమే అతని పని కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"ఏ తలుపూ చప్పుడు చెయ్యట్లేదు. ఇంక నువ్వెందుకయ్యా?" అన్నాడు మేనేజరు.

"చెయ్యకుండా చూస్తున్నది నేనే కదా సార్!"

"నాకేం తెలుసు? ఒక్కటైనా కిర్రుమంటే నీకు పనున్నట్టు. లేదంటే రేపట్నుంచి రావద్దు."

బయట వాచ్‌మన్ చెవిలో ఊదాడు. "ఒక బందులో గుప్పెడు దుమ్ము కొట్టు బావా. ఎవరికి తెలుస్తుంది?"

"కన్నబిడ్డకి జలుబు తెప్పించమంటావేంట్రా!"

అయినా ప్రాణం మీదికొచ్చింది. దుమ్ము పట్టుకుని స్టోరు గది తలుపు దగ్గరికెళ్లాడు. చెయ్యి అలవాటు మానలేదు. దుమ్ము తుడిచేసి నూనె రాసింది. ఇంకో తలుపుకీ అంతే. మధ్యాహ్నానికి ఆఫీసు మొత్తం మునుపటికన్నా మెత్తబడింది.

భోజనానికి ఇంటికెళ్లాడు. వీధి తలుపు గొంతు చించుకుని అరిచింది.

"ఊరందరి తలుపులకీ సేవ, మన తలుపుకి మాత్రం గోల!" అంది భార్య వంటింట్లోంచి.

"ఇప్పుడే నూనె రాసేస్తానే."

"చంపుతాను! ఆ కేక వినే కదా నేను కూర వేడి చేసేది."

నాలుగు ముద్దలు తిని ఆఫీసుకి బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి మేనేజరు గదిలో కేక. పరుగెత్తాడు. మేనేజరు కుర్చీ మీద నిలబడి ఉన్నాడు, చొక్కాలో దిండు, మూతికి కాగితం మీసం. ఎదురుగా అచ్చం అదే బొజ్జతో, అదే మీసంతో డైరెక్టరు. తలుపు చప్పుడు చెయ్యకపోవడంతో ఆయన ఎప్పుడొచ్చాడో మేనేజరుకి తెలియనే లేదు.

"నా బొజ్జ అంతుండదు," అని మాత్రం అనేసి డైరెక్టరు వెళ్లిపోయాడు.

"అంతా నీ వల్లే! ఎవరైనా వస్తే తలుపు ముందే చెప్పొద్దా?" మేనేజరుకి ఏడుపు ఒక్కటే తక్కువ.

నూనెడబ్బాకి ఇంట్లో భార్య అన్న కూర మాట తటాలున గుర్తొచ్చింది.

"ఎంత ముందు చెప్పాలి సార్? కుర్చీ దిగేంతా, దిగి మీసం కూడా పీకేంతా?"

"మీసం కూడా. దిండు కూడా!"

ఈసారి చెయ్యి మొరాయించలేదు. పాడుచెయ్యడం కాదుగా, ఇదీ పనే. పై బందులో నూనె తుడిచి, కింది బందు మరని అరచుట్టు వదులు చేశాడు. ఐదవుతుండగా తలుపు తీరిగ్గా, దిండు సర్దుకునేంత పొడుగ్గా మూలిగింది.

మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు. "రేపు త్వరగా రావయ్యా."

ఈలోపే మిగతా ఆఫీసువాళ్లు గుమ్మం బయట క్యూ కట్టారు. నిద్రపోయేవాళ్లకు ఆవులింతంత మూలుగు కావాలి. పేకాట గదికి ముక్కలు దాచేంత చాలు. చివర్లో డైరెక్టరే పక్కకు పిలిచాడు.

"మేనేజరు తలుపు నాదానికన్నా గట్టిగా అరుస్తోందట. ఏం బాగుంటుంది?"

"రేపు మీ హోదాకి తగ్గట్టు అరిపిస్తాను సార్."

ఇంటికొచ్చి వీధి తలుపు తోశాడు. అరిచింది. మళ్లీ బయటికెళ్లి మళ్లీ తోశాడు.

"కూర పెట్టేశానయ్యా! ఎన్నిసార్లొస్తావ్?"

"ఉండవే, ఇంకొక్కసారి విననీ," అంటూ అతను మళ్లీ గుమ్మం దాటాడు.