మావయ్య బంగారం మిషను

బట్టల మిల్లులో పని విరమించిన నెలకి మావయ్య పేరు మీద ఒక పొడవాటి అట్టపెట్టె వచ్చింది. కొత్త వ్యాక్యూమ్ క్లీనర్ తెప్పించారనుకుని అత్తయ్య సంతోషించింది. విప్పి చూస్తే ఒక కడ్డీ, దాని చివర పళ్లెమంత చక్రం, పైన మీటలున్న డబ్బా, రెండు చెవుల్నీ నిండా మూసేసే నల్లటి హెడ్‌ఫోన్స్. నేలలో బంగారం ఉంటే ఇది కూస్తుందని మావయ్య చెప్పారు. చక్రాన్ని అత్తయ్య గాజుల దగ్గరికి తేగానే అది ఇల్లదిరేలా అరిచింది.

“నా గాజుల్ని చూసి ఏడుస్తుందేంటండీ,” అంది అత్తయ్య. “తవ్వడానికి వేరే చోటు చూసుకోమనండి.”

వేరే చోటు ఉంది. మేముండే క్యారీ నుంచి పడమరగా రెండు గంటలు కార్లో వెళితే మావయ్యతో పాటు మిల్లులో పనిచేసి మానేసిన ఒక అమెరికన్ పెద్దాయన పొలం వస్తుంది. ఆ పొలం అంచున వాగు పారుతుంది. నార్త్ కరొలినాలో ఆ వైపంతా ఒకప్పుడు బంగారు గనులుండేవట. వాగులో ఎంత వెతుక్కున్నా తనకేం అభ్యంతరం లేదనీ, దొరికితే చూపిస్తే చాలనీ ఆ పెద్దాయన చెప్పాడు.

నేను అప్పటికి అమెరికా వచ్చి ఏడాది కాలేదు. చీరాల దగ్గర మా ఊరి మిషన్ స్కూల్లో చదువుకున్నాను. ఎనభై మూడులో పెళ్లయ్యాక మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాను. అత్తయ్య మా ఆయనకి మేనత్త. పేరు కరుణమ్మ. వాళ్లకి పిల్లలు లేరు. సొంత ఇల్లు కుదిరేదాకా మమ్మల్ని తమ ఇంట్లోనే ఉండమన్నారు. మా ఆయన పొద్దున్నే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో ల్యాబ్‌కి వెళ్లిపోతే, శనివారాలు కూడా అంతే, నేను అత్తయ్యా మావయ్యల మధ్య ఉండేదాన్ని. నాకు మాటలు తక్కువ. మాట్లాడినా చిన్నగా మాట్లాడతాను. మావయ్య నా మాటలకి బదులు చెప్పకపోతే కోడలితో అలాగే ఉంటారు కాబోలనుకున్నాను.

మావయ్య అసలు పేరు దైవాశీర్వాదం. మిల్లులో అందరూ డేవ్ అనేవాళ్లు. అత్తయ్య ఏనాడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ఆస్పత్రిలో నర్సుగా ఇరవయ్యేళ్లు చేసింది, తెల్లవాళ్లతో తడబడకుండా మాట్లాడుతుంది, ఫ్రీవే మీద కారు నడుపుతుంది. కానీ బ్యాంకులో భర్త పేరడిగితే పర్సులోంచి ఆయన కార్డు తీసి చూపిస్తుంది. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆ మాట రాకుండా ‘దేవుని దీవెన’ అంటుంది. అయితే ఫోన్లో ఎవరైనా అడిగితే “డేవ్ ఈజ్ నాట్ హోమ్” అని ధైర్యంగా చెప్పేది. అదేంటి అత్తయ్యా అంటే, డేవ్ ఆయన పేరు కాదుగా అంది.

ఆ వేసవంతా శనివారాలు ముగ్గురం వాగుకి వెళ్లాం. అత్తయ్యా నేనూ నీడలో మడత కుర్చీలు వేసుకుని కూచునేవాళ్లం. మావయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చక్రాన్ని అటూ ఇటూ ఊపుతూ నీళ్లంచున నడిచేవారు. కొడవలితో గడ్డి కోసే మనిషిలా ఉండేవారు దూరం నుంచి చూస్తే. ఉన్నట్టుండి ఆగి, వంగి, తవ్వేవారు. దొరికినవన్నీ కాఫీ డబ్బాలో వేసేవారు. తుప్పు మేకులు, పేలిన తుపాకీ తూటాల డొల్లలు, గుర్రపు నాడా ముక్క, కూల్‌డ్రింక్ టిన్నుల మూతల రింగులు. మిషను అమ్మినాయన పంపిన పుస్తకంలో బంగారం సన్నగా కూస్తుందనీ, గట్టిగా అరిచేది సాధారణంగా చెత్తేననీ రాసి ఉంది. మావయ్య తవ్వినవన్నీ ఆ హెడ్‌ఫోన్స్ దాటి మాకు కూడా వినపడేంత గట్టిగా అరిచినవే. అది నేను గమనించాను గానీ, ఎందుకో ఆలోచించలేదు.

అత్తయ్య గమనించింది వేరే. ఆగస్టులో ఒకరోజు వంటింట్లో బీన్స్ ఈనెలు తీస్తూ నాకు చెప్పింది. మావయ్య ఎన్నో ఏళ్లు నైట్ షిఫ్టే చేశారట. మగ్గాల హోరులో రాత్రంతా నిలబడి, పొద్దున ఇంటికొచ్చి, ఆమె డ్యూటీకి వెళ్లే లోపు ఒకటే కబుర్లట. ఏ మగ్గం మొండికేసింది, ఎవరు ఎవరి సాండ్‌విచ్ తినేశారు, అన్నీ. పని మానేస్తే రోజంతా అలాగే ఉంటుందని ఆమె ఎదురుచూసింది. తీరా మానేశాక మనిషి ఇంట్లోనే ఉన్నాడు, మాట లేదు. ఆదివారం తెలుగు ఆరాధనలో పాటలు ఎత్తుకునేది మావయ్యే. అదీ మానేసి, కుర్రాళ్లు పాడతారులే అని వెనక బల్ల మీద కూచుంటున్నారు.

“మొన్న కాఫీ తాగుతారా అని అడిగితే, రేపు చూద్దాం అన్నారు,” అంది. “నా కాఫీ కూడా వాయిదానే.”

నవ్వుతూనే అంది గానీ చేతులు ఆగిపోయాయి. ఇక మీదట వాగుకి తనొక్కడే వెళతానని, మీకెందుకు ఎండలో శ్రమ అని మావయ్య అన్నారట ఆ పొద్దునే. అదీ ఆమెని కుదిపింది. ఇన్నేళ్లూ షిఫ్టుల వల్ల విడిగా ఉన్నాం అనుకుంది. ఇప్పుడు షిఫ్టులు లేవు. ఇక తనతో చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదేమో అని ఆమె భయం.

“ఒక్కసారి ఆయనకి బంగారం దొరికితే, వసంతా, కేకేస్తారు. ఆ కేక నన్నే వేస్తారు. అప్పుడు నేను పక్కన ఉండాలి.”

శుక్రవారం సాయంత్రం అత్తయ్య పుస్తెల తాడు తీసి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. పుస్తెలకి అటూ ఇటూ సెనగగింజంత బంగారు గుండ్లు ఉంటాయి. దారం ముడి విప్పి ఒక గుండు బయటికి లాగింది. అలా తీయొచ్చా అత్తయ్యా అని అడిగాను.

“ఆయన కోసమే వేసుకున్నా. ఆయన కోసమే తీస్తున్నా,” అంది.

మర్నాడు మేం కూడా వస్తామని పట్టుబట్టింది. మావయ్య కార్లోంచి మిషను దింపి అమర్చుకుంటుండగా మేమిద్దరం వాగులోకి దిగాం. నీళ్లు తగ్గి ఒకచోట బండ తేలి ఉంది. బండలో సన్నటి పగులు. పక్కనే రొట్టెంత తెల్లరాయి. అత్తయ్య గుండుని పగులులో పెట్టి గుప్పెడు ఇసుక పోసింది. తెల్లరాయి గుర్తు, మర్చిపోకు అంది నాతో.

మావయ్య వచ్చారు. అత్తయ్య ఆ బండ వైపు చెయ్యి చూపింది. ఆయన తలూపి అటు నడిచారు. చక్రం తెల్లరాయిని దాటింది. పగులు మీదుగా వెళ్లింది. చక్రం వెనక్కి వచ్చి, మళ్లీ ఆ పగులు మీదుగానే వెళ్లింది. మావయ్య ఆగలేదు. అలాగే ఊపుకుంటూ ముందుకి వెళ్లిపోయారు. అత్తయ్య చెయ్యి మెడ దగ్గరికి పోయి, పుస్తెల పక్కన ఖాళీని తడుముకుంది.

భోజనం వేళకి ఆయన మిషను చెట్టుకి ఆనించి, హెడ్‌ఫోన్స్ దానికి తగిలించి, చేతులు కడుక్కోవడానికి నీళ్ల దగ్గరికి వెళ్లారు. బ్యాటరీ పోయినట్టుంది, నువ్వు పెట్టుకుని చూడు అంది అత్తయ్య.

హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకున్నానో లేదో ఆ హోరుకి తల తిరిగింది. లాగేసి చూశాను. సౌండ్ మీట చివరి దాకా తిప్పి ఉంది. సగానికి తగ్గించి మళ్లీ పెట్టుకున్నాను. మావయ్యలాగే చక్రం ఊపుతూ తెల్లరాయి దాటించాను. పగులు మీద సన్నగా, స్పష్టంగా, పిచ్చుక పిల్ల నోరు తెరిచినట్టు ఒక కూత. వెనక్కి తెచ్చాను. మళ్లీ అదే కూత.

అత్తయ్య నా మొహమే చూస్తోంది. తల ఊపాను. ఆమె మీట వంక చూసింది, నేను ఎక్కడిదాకా తగ్గించానో చూసింది. నర్సు కదా, మరి అడగలేదు.

మావయ్య వాగుకి ఎదురుగా, మాకు వీపు పెట్టి, గొంతుక్కూచుని చేతులు కడుక్కుంటున్నారు. చెవుల మీద ఏమీ లేవు. అత్తయ్య వెళ్లి ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడింది.

“ఏవండీ,” అంది మామూలుగా.

ఆయన చేతులు రుద్దుకుంటున్నారు.

“ఏవండీ,” అంది ఇంకొంచెం గట్టిగా. వాగు పెద్దగా చప్పుడు చేయడం లేదు. అంత దూరంలో ఉన్న నాకు వినిపిస్తోంది.

అత్తయ్య ఒకసారి నా వైపు తిరిగింది, నేను చూస్తున్నానని సిగ్గుపడినట్టు. తర్వాత ఆయన వీపు వైపు తిరిగి పిలిచింది.

“దైవాశీర్వాదం.”

ఆ పేరు ఆమె నోట ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఒక్కో అక్షరం కొత్త గాజులా జాగ్రత్తగా పట్టుకుని పలికింది. ఆయన తిరగలేదు. నీళ్లు దోసిట్లోకి తీసుకుని మొహం కడుక్కున్నారు.

అత్తయ్య ఇంకో అడుగు వేసింది. ఆమె నీడ నీళ్ల మీద పడింది. అప్పుడు తిరిగారు మావయ్య. ఆమె మొహం చూసి, ఏమైందే, కాలు జారిందా అని అడిగారు.

అత్తయ్య ఆయన ముందుకి వెళ్లి రాయి మీద కూచుంది. “నేను పిలిచాను, మీకు వినపడలేదు,” అంది నిదానంగా. మావయ్య ఆమె పెదవుల వంకే చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. ఇంట్లో కూడా ఆయన ఎదురుగా నిలబడి చెప్పిన మాటకే బదులిచ్చేవారు. చెట్టుకి ఆనించిన మిషను వైపు ఒకసారి చూసి, తప్పించుకోవడానికి అది దగ్గర లేదని తెలిసినట్టు తల దించుకున్నారు.

“కొంచెం కొంచెంగా పోయిందే, కరుణా. మగ్గాలు తినేశాయి,” అన్నారు. “మళ్లీ చెప్పమంటే నీ మొహం చిన్నబోయేది. ఎన్నిసార్లు చెప్పిస్తాను? ఆ మిషను తగిలించుకు తిరిగితే నన్నెవరూ ఏమీ అడగరు. వినపడకపోయినా మిషను వల్లే అనుకుంటారు.”

“మరి బంగారం?”

“బంగారం ఉందో లేదో నాకేం తెలుసు? పెద్ద పెద్ద అరుపులే నాకు వినపడతాయి.”

అత్తయ్య నవ్వబోయింది. నవ్వు రాలేదు. “నేను నర్సునండీ. నాతో చెప్పకూడదా?”

“అందుకే చెప్పలేదు. మర్నాడే డాక్టరు దగ్గర కూచోబెడతావని.”

తనతో మాట్లాడటం ఇష్టం లేక మానేశారనుకున్నానని అత్తయ్య చెప్పింది. మావయ్య మొదట అర్థం కానట్టు చూశారు. ఆమె మళ్లీ చెప్పింది. విసుక్కోలేదు, మొహం చిన్నబుచ్చుకోలేదు. ఈసారి అర్థమై, ఆయన తడి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నారు. నేను గిన్నెల మూతలు తీసి పులిహోర సర్దుతున్నట్టు నటించాను.

తర్వాత అత్తయ్యకి గుండు సంగతి గుర్తొచ్చి నన్ను కేకేసింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చక్రం నడిపి, కూత వచ్చిన చోట వేలు చూపించాను. మావయ్య స్క్రూడ్రైవర్‌తో పగులులో ఇసుక గీకి, అరచేతిలో వేసుకుని నీళ్లలో కడిగారు. ఇసుక జారిపోయి గుండు మిగిలింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య దొర్లించి, ఎండకి ఎత్తి చూశారు.

“వాగు బంగారం ఇంత నున్నగా ఉండదు,” అన్నారు. “ఇది మా అమ్మ చేయించింది.”

ఆయన అత్తయ్య మెడ వైపు చూశారు. ఒక గుండే ఉంది. ఎందుకలా చేశావని అడగలేదు. గుండుని చేతిరుమాలులో మూట కట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబుకి గుండీ పెట్టుకున్నారు. “నువ్వు పడేస్తావు. ఇంటికెళ్లాక నేనే గుచ్చి ముడేస్తాను,” అన్నారు.

సామాన్లు కార్లో పెడుతుండగా నాకు ఒక సంగతి ఉండబట్టలేదు. అత్తయ్య చెప్పదు. మావయ్యకి తెలిసే దారి లేదు. నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, నా జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా చెప్పాను.

“మావయ్యా, అత్తయ్య మిమ్మల్ని పేరు పెట్టి పిలిచింది.”

“ఎప్పుడు?”

“మీ వెనక నిలబడి. మీరు తిరగలేదు.”

అత్తయ్య డిక్కీ తలుపు గట్టిగా వేసింది. అమ్మాయికి ఎండ తగిలింది, ఏదో అంటోంది అంది. మావయ్య అంతా విన్నారో, సగం ఊహించారో, ఆయన మొహం మాత్రం విచ్చుకుంది. మళ్లీ అను, ఎదురుగా అను అని ఆమె వెంట పడ్డారు. ఆమె ససేమిరా అంది. ముసలాడికి సరసాలు కావాలట అని ముందు సీట్లో కూచుంది.

మావయ్య కారు రోడ్డెక్కించాక కూడా వదల్లేదు. తనకి ఇప్పటిదాకా దొరికినవన్నీ మేకులే, ఒక్క మంచిది దొరికితే అదీ వినపడకుండా పోయింది అన్నారు. అత్తయ్య డాక్టరు దగ్గరికి సోమవారమే వెళదామని, చెవి చూపిస్తూ, ఆయనకి కనపడేలా అంది. ఆయన సరేనన్నారు. ఎంత తేలిగ్గా సరేనన్నారో చూసి ఆమె కాసేపు ఆయన మొహం వంకే చూసింది.

తర్వాత అత్తయ్య కిటికీ వైపు తిరిగింది. పెదవులు ఆయనకి కనపడకుండా, బయట పొగాకు చేలని చూస్తూ, ఆ పేరు మళ్లీ పలికింది. చిన్నగా, తనకి తాను అలవాటు చేసుకుంటున్నట్టు. వెనక సీట్లో నాకు స్పష్టంగా వినిపించింది.

ఆమె దవడ కదలడం మావయ్య చూసినట్టున్నారు. అద్దంలోంచి నా వైపు చూశారు.

“అందా అమ్మాయ్?”

నేను తల ఊపాను.